రాయలవారి సంగతి చాలు, మీ అవ్వ సంగతి రాయండి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్లు ఒకే తూరి చదవండి, లేనివాళ్లు కాఫీ తాగి వచ్చి మిగతాది చదవండి.

ఉగాది సంచికకు, మనం మలరు అంటామే దానికి, వ్యాసాలు పంపమని కార్యదర్శిగారు అడిగి నెల దాటింది. ఇప్పటికి వచ్చినవి ఏడు. అందులో నాలుగు శ్రీకృష్ణదేవరాయలు, రెండు తిరుమల నాయకుడు, ఒకటి తెలుగు భాష తియ్యదనం. రాయల వ్యాసాలు నాలుగింట్లో రెండింటికి మొదటి పేరా అక్షరం తేడా లేకుండా ఒకటే. యాడనుంచి దించినారో నాకు తెలుసు. చెప్పను.

ఎవరినీ తక్కువ చేసేదానికి ఈ మాట అనలేదు. పోయిన మలరులో తిరుమల నాయకుని మహలు మీద ఆరు పేజీలు నింపింది నేనే. నాలుగు రోజులు కూర్చొని రాసినాను. రాజధానిని తిరుచిరాపల్లి నుంచి మదురైకి ఎట్ల మార్చినాడు, 1636 లో మహలు ఎట్ల లేచింది, ఆ స్తంభాల లావెంత, అన్నీ ఉన్నాయి. అచ్చయినాక మా వీధిలోనే ఉండే సంఘం పిల్లవాణ్ణి అడిగినాను, చదివినావా అని. "బాగుంది మామా, ఫోటో బాగా వచ్చింది" అన్నాడు. ఆ ఆరు పేజీల్లో ఫోటోనే లేదు.

అదే ఉగాది సభలో జరిగిన ఇంకో సంగతి ఉంది. వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రానివాళ్ల కోసం చెప్తాను. ముఖ్య అతిథిగారు విజయనగరం గురించి ముప్పావు గంట మాట్లాడినారు. తప్పు ఒక్కటి లేదు, మంచి మాటకారి కూడా. అయినా వెనక వరసల్లో సగంమంది ఫోన్లలో ఉండినారు, మిగతా సగం వంటశాల పక్క చూస్తా ఉండినారు. తరవాత పిల్లలకు బహుమతులు ఇచ్చేదానికి ఒక పెద్దమ్మను పిలిచినారు. డెబ్బై దాటిన మనిషి. మైకు ఎంత దూరంలో పట్టుకోవాలో కూడా తెలియదు. "రెండు మాటలు చెప్పమ్మా" అంటే, వాళ్లమ్మ చివరి రోజుల సంగతి చెప్పింది.

ఆ తల్లికి తొంభై ఏళ్లు. బతుకంతా బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. ఆసుపత్రిలో పడుకున్న నాలుగో రోజునుంచి తమిళం మొత్తం పోయింది, తెలుగే మిగిలింది. ఒక రాత్రి మనవరాలు పక్కన ఉంది, కాలేజీలో చదివే పిల్ల. ముసలామె "సద్దినీళ్లు, సద్దినీళ్లు" అని అడుగుతా ఉంది. పిల్లకు నీళ్లు అన్నది తెలిసింది, సద్ది అన్నది తెలియలేదు. గ్లాసుతో నీళ్లిచ్చింది. ముసలామె చేత్తో నెట్టేసింది. చల్లనివి కావాలేమో అని చల్లనీళ్లు తెచ్చింది. నెట్టేసింది. వేణ్ణీళ్లు తెచ్చింది. అవీ నెట్టేసింది. నర్సును పిలిస్తే, వయసైపోయింది గదా, ఏదో కలవరింత, వదిలేయమ్మా అనింది. తెల్లారి ఈ పెద్దమ్మ పోయి వినీ వినగానే అర్థం చేసుకుని, ఆటో పట్టుకుని ఇంటికి పోయి, రాత్రి అన్నంలో పోసి పెట్టిన నీళ్లు వంచుకుని, ఉప్పేసుకుని తెచ్చిందంట. "తెచ్చినాను" అని చెప్పి ఆమె ఆగిపోయింది. మైకు ఇచ్చేసి పోయి కూర్చుంది. అందేలోపల తెచ్చిందా లేదా అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ రాలేదు.

ఆ పూట బంతిలో విజయనగరం గురించి ఒక్కరు మాట్లాడలేదు. నా ఎదురుగా కూర్చున్నాయన మా ఇంట్లో దాన్ని తరవాణి అంటారు అన్నాడు. ఆయన పక్కనాయన, కాదు, కలి అనాలి అన్నాడు. రెండు ఒకటే, కాదు వేరే అని వాదం. సాంబారు చల్లారిపోయింది. వడ్డించే పిల్లవాడు ఒకడు బకెట్ కింద పెట్టి, "మా అవ్వను అడగాల, ఇంట్లో ఏమంటుందో" అన్నాడు. వాడు తెలుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడింది నేను మొదటిసారి విన్నాను.

నా జేబులో ఆ రోజు ఇంకో కాగితం ఉండింది. 2006 తమిళ భాషా చట్టం గురించి పది నిమిషాలు మాట్లాడాలని రాసుకుని పోయినాను. ఆ చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతిగా పైకి వచ్చి 2016 పదో తరగతి పరీక్షకు అందుకుంది. ఆ ఏడు మైనారిటీ భాషల బడిపిల్లల కోసం కోర్టుకు పోయి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. ఇవన్నీ మనవాళ్లకు తెలియాల్సిన సంగతులే. కానీ ఆ కాగితం జేబులోంచి తీయలేదు. పెద్దమ్మ మాట్లాడినాక నా కాగితంలో చెప్పేదానికి ఏమీ మిగలలేదు అనిపించింది. చట్టం ఏమి చేస్తుందో, చట్టం లేకుండానే మన ఇళ్లల్లో మనం ఏమి చేసుకున్నామో, రెండూ ఆ గ్లాసు నీళ్లలో ఉండినాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా పార్సిల్ ఆఫీసులో కూర్చున్న మనిషిని. మల్లెపూల బుట్ట కానీ, పల్లీ మిఠాయి డబ్బా కానీ, ఎవరి పేరుకు పోతోందో చీటీ లేకపోతే ఎంత విలువైన సరుకైనా మూలలో పడి ఉండాల్సిందే. విడిపించుకునేదానికి ఎవరూ రారు. రాయలవారి మీద మనం రాసే వ్యాసాలు అట్లాంటి పార్సిళ్లు. అందరి పేరుకూ పంపుతాము, కాబట్టి ఎవరూ వచ్చి తీసుకోరు. పెద్దమ్మ చెప్పింది వాళ్లమ్మ ఒక్కదాని సంగతి. ఆ హాలులో ఉన్న ప్రతి ఒక్కరూ అది తన పేరుకే వచ్చింది అనుకున్నారు. ఎందుకు అట్లయింది అని నేను చాలా రోజులు ఆలోచించినాను. గొప్ప సంగతి వినేటప్పుడు మనం చేతులు కట్టుకుని కూర్చుంటాం. పక్కింటి సంగతి వినేటప్పుడు మన ఇల్లు తలచుకుంటాం. అంతకుమించి నాకు తోచలేదు.

ఈ పని మనకంటే ముందే, మనకంటే వెయ్యి రెట్లు బాగా చేసిన మనిషి మన పక్కనే పుట్టినాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరి కి. రాజనారాయణన్. కి.రా. అంటే తమిళనాడంతా తెలుసు. ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. పెద్ద చదువు లేదు, వ్యవసాయం చేసుకున్న మనిషి, రాసేదానికి మొదలుపెట్టిందే ముప్పై దాటినాక. ఆయన 'గోపల్ల గ్రామం' 1976 లో వచ్చింది. దాని తరవాత వచ్చిన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991 లో సాహిత్య అకాడెమీ బహుమతి ఇచ్చినారు. బడిలో పై తరగతులు చూడని మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం వాళ్లు జానపదం చెప్పమని పిలిచి కూర్చోబెట్టినారు. 2021 మేలో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ మర్యాదలతో సాగనంపినారు.

'గోపల్ల గ్రామం' నేను రాత్రి డ్యూటీలో చదివినాను. తమిళంలోనే. నేను చదివిన బడి తమిళ బడి, నాకు అప్పటికి తెలుగు అక్షరాలు రావు. రాజులెవరైనా వస్తారేమో అని చూసినాను. రాలేదు. దారినపోయే ఒక ఆడమనిషి, ఆమె నగల కోసం ఆమెను చంపే దొంగ, ఊరి పెద్ద ఇల్లు, పంచాయతీ, మనుషులకు ఊరు పెట్టిన మారుపేర్లు, పొయ్యి, పశువులు. నూరేళ్లు ఎప్పుడో దాటిన ఒక ముసలామె కూర్చొని, మనవాళ్లు ఉత్తరాన ఉన్న ఊర్లు వదిలి ఎట్ల వచ్చినారో చెప్తుంది. ఆ ముసలామె మాట్లాడుతుంటే నాకు మా జేజి గొంతు వినబడింది. మా జేజి కూడా అదే కథ చెప్పేది. రాజు పిల్లను అడిగినాడు, ఇచ్చేదానికి మనసొప్పక రాత్రికి రాత్రి బయలుదేరినారు, అడ్డం వచ్చిన ఏటి మీద చెట్టు వంగి దారిచ్చింది. తమిళదేశంలో ఉండే తెలుగువాళ్లలో చాలా కులాలకు ఈ కథ ఉంది. ప్రతివాడూ అది తమ పెద్దలకే జరిగింది అంటాడు. చరిత్ర తెలిసినవాళ్లు దాన్ని ఒప్పుకుంటారో లేదో వేరే మాట. నాకు ఒకటే అనిపిస్తుంది: ఇంతమంది ఇన్ని తరాలు మరిచిపోకుండా మోసుకొచ్చినారంటే, మొదట ఎవరో ఒక ఆడమనిషి దాన్ని తన సొంత కథగా, తన మనవళ్లకు, పొయ్యి ముందర కూర్చొని చెప్పి ఉండాలి. శాసనం చెక్కించి కాదు.

ఆ రాత్రి నాకు సంతోషమూ అయింది, సిగ్గూ అయింది. సిగ్గెందుకంటే, మా జేజి కథ చదవాలంటే నాకు తమిళంలో దొరికింది. కి.రా.ను తప్పు పట్టడం లేదు, ఆయన తనకు చేతనైన అక్షరాల్లో రాసినాడు, రాసినాడు కాబట్టి మిగిలింది. మనం ఏ అక్షరాల్లోనూ రాయలేదు. తెలుగులో రాసినవాళ్లు లేరని కాదు. స.వెం. రమేశ్‌గారి 'ప్రళయకావేరి కథలు' ఉన్నాయి. పులికాట్ చెరువు పక్క తాతతో, అవ్వతో గడిపిన చిన్నతనాన్ని ఆ సీమ మాటల్లోనే రాసినారు. మన సంఘం బీరువాలో ఒక ప్రతి ఉంది. తాళం ఎవరిదగ్గర ఉందో కోశాధికారిని అడగండి.

ఇప్పుడు మా అధ్యక్షులవారి మాట. ఆయనకు నా ఈ ఆలోచన నచ్చలేదు. "ఇంటిగుట్టు అంతా మలరులో పెడితే అదేమి సంచిక? మనకు హక్కులు కావాలి, హక్కులకు చరిత్ర కావాలి, లెక్కలు కావాలి" అన్నారు. ఆయన మాటలో సగం నిజముంది. కలెక్టరాఫీసులో అర్జీ పెట్టేటప్పుడు సద్దినీళ్ల కథ చెప్తే గుమస్తా కూడా తల ఎత్తడు. నేనూ గుమస్తానే, నాకు తెలుసు. ఆడ ఎన్ని కుటుంబాలు, ఎన్ని బడులు, ఎంతమంది టీచర్లు, ఏ ఏడు ఏ ఉత్తర్వు, అవే కావాలి. అవి రాసేవాళ్లు రాయాలి, దాన్ని వద్దనే హక్కు నాకు లేదు. నేను చెప్పేది ఇంకో చోటు గురించి. బడిలో తెలుగు తీసుకోమని మన ఇంటి పిల్లకు, కోడలికి చెప్పాల్సి వస్తుంది గదా, ఆడ. ఆ పిల్ల ముందర రాయలవారిని నిలబెడితే, "తాతా, ఆయన నాకు మార్కులు వేస్తాడా" అంటుంది. నా మనవరాలు అన్న మాటే ఇది. అదే పిల్లకు సద్దినీళ్ల సంగతి చెప్పినాను. ఏమీ అనలేదు. రెండు రోజులకు వంటింట్లోకి పోయి వాళ్లమ్మమ్మను, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడగడం మొదలుపెట్టింది. బడిలో తెలుగు తీసుకుందా అంటే, తీసుకోలేదు. నిజం చెప్పాలి గదా.

నిజం అంటే గుర్తొచ్చింది. సొంత కథ చెప్పడంలో ఒక పెద్ద గుంత ఉంది, దాంట్లో నేనే రెండు తూర్లు పడినాను.

మొదటిది మా తాత సంగతి. మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. కొన్నేళ్ల కింద ఒక సభలో, ఆయన తెల్లదొర ఎదుట నిలబడి కూలి పెంచమని అడిగినాడు అని చెప్పినాను. చప్పట్లు కొట్టినారు. చిన్నప్పుడు ఎవరో చెప్పినట్టు గుర్తు, మిగతాది నేను కలుపుకున్నాను. సభ అయినాక మా చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, "మీ తాత దొర ట్రాలీ చప్పుడు వింటే పంపుహౌసు వెనక దాక్కునేవాడురా" అన్నాడు. ఎందుకంటే చెప్పులు లేవు, చొక్కా చినిగింది, దొర చూస్తే పనిలోనుంచి తీసేస్తాడని భయం. మరుసటేడు అదే మైకులో ఆ సంగతి చెప్పినాను, నా అబద్ధంతో సహా. నవ్వినారు. నవ్వినాక ముగ్గురు లేచి, మా తాత కూడా అట్లనే అని వాళ్ల వాళ్ల సంగతులు చెప్పినారు. దొర ముందు నిలబడిన తాతను చూసి ఎవరూ లేవలేదు. దాక్కున్న తాతకు ఊరంతా చుట్టాలు వచ్చినారు.

రెండోది నవ్వే సంగతి కాదు. మా అక్క ఏడో తరగతిలో బడి మానేసింది. నేను చదివినాను, పరీక్ష రాసినాను, రైల్వేలో చేరినాను. నా రిటైర్మెంట్ సన్మానంలో, మా అక్క నా కోసం తన చదువు త్యాగం చేసింది అని చెప్పి కన్నీళ్లు పెట్టుకున్నాను. అందరూ పెట్టుకున్నారు. అక్క ముందు వరసలోనే కూర్చుని ఉండింది. ఇంటికి వచ్చినాక చీర కొంగు మడుచుకుంటా ఒక్క మాట అనింది: "నేను నీ కోసం మానలేదురా. నన్ను ఎవరూ అడగనే లేదు." దాని తరవాత ఏడాది పొడుగునా నాతో మాట్లాడలేదు. పండక్కి పోతే అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

ఆమె కోపం అర్థమయ్యేదానికి నాకు ఆ ఏడాదీ పట్టింది. ఆమె బతుకును నేను నా కథలోకి ఒక అలంకారంగా తెచ్చిపెట్టుకున్నాను, ఆమెను ఒక మాట అడగకుండా. బడి మాన్పించినప్పుడు మా నాయన చేసిందే, సన్మానంలో నేను మళ్లీ చేసినాను. కాబట్టి రాయండి అని అందరినీ పిలుస్తానే ఈ హెచ్చరిక కూడా చేస్తున్నాను. మీ కథలో ఇంకొకరు ఉంటే, వాళ్లు బతికుంటే, ముందు వాళ్లకు చదివి వినిపించండి. వద్దంటే వద్దు. చదివేటప్పుడు వాళ్ల మొహం చూడండి, మీరు యాడ ఎక్కువ చేసి రాసినారో ఆ మొహంలో తెలిసిపోతుంది. మీరే మంచివాళ్లుగా కనిపించే కథ అయితే ఇంకోసారి చూసుకోండి.

చాలామంది చెప్పే ఇంకో అడ్డం: "తప్పులు వస్తాయి అన్నా, నవ్వుతారు." నా సంగతి వినండి. నేను తెలుగు అక్షరాలు నేర్చుకుంది యాభై ఎనిమిదో ఏట, ఒకటో తరగతి వాచకం పెట్టుకుని. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, చదివేవాడే తెలుసుకోవాలి. వత్తక్షరాల మాట ఎత్తే పని లేదు. ఆ అలవాటుతో నేను 'భార్య'ను 'బార్య' అనీ, 'గంట'ను 'కంట' అనీ రాసినాను. ఇప్పటికీ ఏది పొట్టలో చుక్క, ఏది కింద వత్తు అని తడబడతాను. ఈ వ్యాసంలోనే ఎన్ని తప్పులున్నాయో మన తెలుగు టీచరమ్మ సరిచేసినాక కూడా మిగిలే ఉంటాయి. మీరు ఇంతదాకా చదివినారు గదా. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాయండి. నేను మార్చి రాస్తాను, నాకు వేరే పని లేదు. అదీ కుదరకపోతే ఫోన్లో మాట్లాడి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లచేత మాట్లాడించండి. వెనక కుక్కర్ కూసినా, మనవడు ఏడ్చినా పరవాలేదు.

ఏమి రాయాలి అంటే, జీవితచరిత్ర వద్దు. పుట్టిన తేదీ, ఉద్యోగం, పిల్లలు ఏ దేశంలో ఉన్నారు, ఇవేవీ వద్దు. ఒక్క రోజు సంగతి, ఒక్క వస్తువు సంగతి. మీ ఇంట్లో తెలుగు చివరిసారి ఎవరు ఎవరితో మాట్లాడినారు? బస్సులో మీ అమ్మ పెద్దగా తెలుగులో పిలిస్తే మీరు వినబడనట్టు కిటికీ పక్క తిరిగినారా? నేను తిరిగినాను. చుట్టరికం కలుపుకునేదానికి పై రాష్ట్రం పోయినప్పుడు మీ తెలుగు విని వాళ్లు నవ్వినారా, అప్పుడు మీరేమి చేసినారు? దుడ్డు అంటే డబ్బు అని, అంగడి అంటే దుకాణం అని దిద్దినారా? పెళ్లిలో మీ ఇంటి ముసలివాళ్లు పాడే పాట ఎవరైనా ఫోన్లో పట్టినారా? ఒక పేజీ చాలు. అర పేజీ అయినా సరే.

పోయిన నెల మా అక్క ఇంటికి పోయినాను. ఇప్పుడు మాట్లాడుతుంది. మలరుకు బడి సంగతి నువ్వే చెప్పు, నువ్వు చెప్పినట్టే రాస్తాను అన్నాను. మొదట వద్దంది. కాఫీ తాగినాక, ఆ రోజు బడి సంచి ఏమయిందో చెప్పింది. ఆ సంచిలో మా నాయన మేకలకు గింజలు పోసి పెట్టేవాడంట. నాకు అది గుర్తే లేదు. రెండు పేజీలు వచ్చింది. చదివి వినిపించినాను, మూడు చోట్ల కొట్టేయమంది, కొట్టేసినాను. నా పేరు వచ్చే చోట మాత్రం ఒక్క మాట మార్చలేదు, నేను అడిగినా ఒప్పుకోలేదు.

అది కార్యదర్శిగారికి పంపించినాను, ఎనిమిదోది. మీవి ఈ నెలాఖరు లోపల పంపండి. రాయల వ్యాసాలు పంపిన నలుగురూ కోపం తెచ్చుకోకుండా, వాటిని అట్లనే ఉంచి, మీ ఇంటిది ఇంకొకటి పంపండి. ఎత్తి రాసిన ఇద్దరూ ముందు పంపండి.